మామ ఆగిన చోట డోలు

దేవుణ్ణి పెండ్లి పీటల మీదికి పిలిచే చోట మామ ఆగిపోయాడు.

ఆలేరుకు కొంచెం అవతల ఒక ఊరు. మధ్యాహ్నం దాటిన ఎండ. టెంటు కింద పసుపు, కుంకుమ, ఆకుపొడి, బియ్యప్పిండితో నేల మీద వేసిన పట్నం ముందర ఒగ్గుకథ నడుస్తోంది. పట్నం అంటే దేవుడు వచ్చి కూర్చునే రంగుల ముగ్గు. దాని ఎదుట గజ్జెల లాగు కట్టుకొని, నుదుటి నిండా బండారు పసుపు పూసుకొని మామ నిలబడ్డాడు. కుడి చేయి పైకి లేచింది. నోరు తెరుచుకుంది. మాట రాలేదు.

ఆ ఖాళీ ఎవరికీ వినబడలేదు. డోలు కొడుతున్న బావ, అంటే మామ కొడుకు, ఒక అడుగు ముందుకు వేసి నడక రెట్టింపు చేశాడు. టెంటు గుంజలు అదిరాయి. ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మలు తలలూపారు, వెనక కుర్రకారు ఈలలు వేసింది. ఆ దరువు దిగుతుండగా వంత పాడే ఇద్దరూ ఆ వరుసలోని చివరి మాటను అందుకొని సాగదీశారు. ముందు రావాల్సిన వరుస మాత్రం రానే లేదు. మామ చేయి దించి తర్వాతి చోటు నుంచి కథ ఎత్తుకున్నాడు. గొంతులో వణుకు లేదు.

నేను డోలుకు దగ్గరగా కింద కూర్చున్నాను. ఆ సాయంత్రం లోపల ఆ కథ గురించి రాసి పేపరుకు ఇవ్వాలి. అప్పటికి నేను నల్లగొండలో జర్నలిజం చదువుతున్న విద్యార్థిని.

తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి ఇది. మాది గొర్లు కాసే ఇల్లు. ఎండకాలం వస్తే బాపు మందను తోలుకొని సాగర్ కాలువ దిక్కు పోయేవాడు, వానలు పడ్డాక తిరిగొచ్చేవాడు. అమ్మ తోడబుట్టిన అన్నే మామ. మా ఇండ్లలో మొదట పీజీ దాకా వచ్చింది నేనే కాబట్టి చుట్టాలందరికీ నేను కొంత గర్వం, కొంత వేళాకోళం. ‘పేపర్ల ఏం రాస్తవే, మా మేకపిల్ల తప్పిపోయింది, రాయరాదు’ అనేవారు.

చదువులో భాగంగా ఒక దినపత్రిక జిల్లా డెస్కులో పని నేర్చుకునేదాన్ని. ఆ డెస్కు చూసే సారు పాతికేళ్లు క్రైం వార్తలు రాసిన మనిషి. సంగీతం ఆయనకు రాదు, ఇష్టమూ లేదు. కానీ సభలు, ఉత్సవాలు ఎవరో ఒకరు రాయాలి. కొత్తగా వచ్చిన ఆడపిల్లను స్టేషన్ల చుట్టూ తిప్పడం ఎందుకని ఆయన నన్ను వాటికి పంపించాడు.

మొదటిది టౌనులోని ఒక సంగీత పాఠశాల వార్షికోత్సవం. దీపం ఎవరు వెలిగించారు, శాలువా ఎవరు కప్పారు, అన్నీ రాశాను. చివర, గానం శ్రోతలను మంత్రముగ్ధులను చేసిందని ముగించాను. సారు కాగితం చేతిలో పట్టుకొని డెస్కులో అందరికీ వినబడేలా అడిగాడు.

‘మంత్రం ఎవరేసిన్రమ్మా? అట్లయితే అది నా బీటు, నేనే రాస్త.’

అందరూ నవ్వారు.

‘ఏం పాడిన్రు?’

‘శాస్త్రీయ సంగీతం, సార్.’

‘గది ఫ్లెక్సీ మీదనే ఉన్నది. నువ్వు పోయి ఏం ఇన్నవు?’

నేను విననే లేదు. వేదిక మీది పేర్లు తప్పులు పోకుండా రాసుకోవడంలోనే సభ అయిపోయింది.

అప్పుడు సారు తనకు వచ్చిన విద్యే నాకు చెప్పాడు. కొట్లాట జరిగిన జాగాకు పోతే ఏమడుగుతాం? ముందు ఎవరు మొదలుపెట్టారు, ఎవరు ఆపారు, ఆపినప్పుడు ఎవరు ఎవరి దిక్కు చూశారు. పాట దగ్గరా అవే అడుగు అన్నాడు. రాగం పేరు తెలియకపోతే రాయకు, తెలిసినట్టు అసలే రాయకు. నాకు సంగీతం వినడం నేర్పిన పాఠం అదొక్కటే. తర్వాత చాలా పుస్తకాలు చదివాను గానీ, ఇవాళ్టికీ ఎక్కడైనా కూర్చోగానే ఆ మూడు ప్రశ్నలే ముందు వస్తాయి.

ఆ ఏడు క్రిస్మస్‌కు హాలియా దిక్కు ఒక ఊరి చర్చికి పోయాను. కాలువ నీళ్లు వచ్చాక కౌలు పట్టి, పిల్లల్ని చదివించి, ఒకరిద్దరు సర్కారు కొలువుల్లోకి కూడా పోయిన కుటుంబాలవి. కీబోర్డు వాయించింది ఒక స్కూలు టీచరు. పాట మొదలుపెట్టింది మాత్రం వరి కోతలతో గొంతులు బొంగురుపోయిన ఆడవాళ్లు. వాళ్లు తమకు అందిన చోట ఎత్తుకున్నారు. పాపం టీచరు వాళ్ల శ్రుతి కోసం ఒక్కో మెట్టు నొక్కి చూసుకుంటూ రెండో చరణంలో గానీ వాళ్లను కలవలేకపోయాడు. వాళ్లు ఆయన దిక్కు చూడలేదు. నేను అదే రాశాను. మర్నాడు ఆయన ఫోను చేశాడు.

‘మేడం, నేను శ్రుతి కోసం ఎతుక్కున్నది పేపర్ల ఎయ్యాల్నా? మా ఆడోళ్లు చర్చి గోడకు అంటిస్తమంటున్నరు.’

కోపంగానే అన్నాడు, మధ్యలో నవ్వాడు కూడా. విన్నది రాస్తే విన్నచోటే ఎవరికో ఒకరికి తగులుతుందని అప్పుడు అర్థమైంది. ఫోను పెట్టేశాక మాత్రం సంతోషపడ్డాను. దెబ్బ తగిలిందంటే గురి కుదిరినట్టే అనుకునే వయసు.

అట్లా ఒక ఏడాది తిరిగాక ఒగ్గుకథకు పోతానని నేనే అడిగాను. మామ కథలు చిన్నప్పటి నుంచి విన్నదాన్ని. కాదు, ఆ కథల్లో నిద్రపోయినదాన్ని. ఈసారి సారు ప్రశ్నలతో కూర్చోవాలని ఆశ.

ఒగ్గుకథ నడిచే తీరు ఇక్కడ కొంచెం చెప్పాలి. దేవుని పుట్టుక నుంచి పెండ్లి దాకా నడిచే పెద్దకథ మొత్తం తెలిసినవాడు జట్టులో ఒక్కడే, ముందు నిలబడే కథకుడు. అతను ఒక వరుస చెబితే, దాని చివరి మాటను వంతవాళ్లు పట్టుకొని సాగదీస్తారు. ఆ సాగదీతలో కథకుడు ఊపిరి తీసుకుంటాడు. వంతవాళ్లు ఇరవై ఏండ్లు వెంట తిరిగినా వాళ్లకు వచ్చేవి ఆ చివరి మాటలే. వరుస మొదలు వాళ్లది కాదు, నేర్చుకోరు, ఎవరూ నేర్పరు. డోలు కొట్టేవానికి ఎక్కడ లేవాలో, ఎక్కడ తగ్గాలో తెలుసు, మాట తెలియదు. మామకు ఆ కథ వాళ్ల నాయిన నోట వచ్చింది. ఎక్కడా రాసి లేదు.

ఇంకొకటుంది. పట్నం ముందర మాట తెగొద్దు. మా దిక్కు ఇది పట్టింపు. కథకుని వరుస మధ్యలో తెగితే మొక్కు చెల్లలేదని ఆ ఇంటివాళ్లు అనుకుంటారు, మరుసటి ఏడు కథ మళ్లీ పెట్టుకుంటారు. ఆ మళ్లీ పెట్టుకునేదానికి వేరే జట్టును పిలుస్తారు. ఏ ఊరు ఏ జట్టుదో తాతల నాడే పంచుకున్నారు. ఒకసారి మాట తెగిన కథకునికి ఆ ఊరు పోతుంది. ఊరు పోయిందన్న ముచ్చట పక్క ఊర్లకు పోతుంది. ఆ రోజు మొక్కు చెల్లించుకుంటున్నది గొర్ల మందకు రోగం తగిలి సగం పోగొట్టుకున్న ఇల్లు. భార్యాభర్తలిద్దరూ పట్నానికి అవతల చేతులు జోడించుకొని కూర్చున్నారు.

కథ ముగిసి, జనం అన్నాలకు లేచాక, టెంటు వెనక బావ దగ్గరికి పోయాను. తువ్వాలతో మెడ తుడుచుకుంటున్నాడు.

‘మస్తు కొట్టినవ్ బావా.’

‘ఏంది మరదలా, పేపరోళ్లు మెచ్చుకుంటే గుబులైతది.’

‘పీటల కాడ మామ ఏమన్నడు?’

‘ఏమంటడు? పాడిండు.’

‘పాడలె. నేను నీ పక్కనే కూసున్న.’

బావ తువ్వాల భుజం మీద వేసుకున్నాడు. ‘ఆహా. నల్లగొండల చెవులు గూడ కొత్తయి ఇస్తున్రా?’

నేను నవ్వలేదు.

‘పోయినేటి నుంచి గిట్లనే’ అన్నాడు గొంతు తగ్గించి. ‘ముందుగాల పేర్లు మర్సేటోడు. నేను చిన్నగ అందిస్తుంటి. ఇప్పుడు వరుసలకు వరుసలే పోతున్నయి. నాకేమో వరుసలు రావు. కొట్టుడొక్కటే వస్తది.’

‘మామకు ఎరుకేనా?’

‘డోలు ఆపితే ఎరుకైతది. నేను ఆప్తలేను.’

‘దవాఖానకు తీస్కపోరాదు?’

‘తీస్కపోతె? ఒగ్గాయనకు మతి పోతాందని మా గల్లీల మొదలైతె మాపటికి ఆలేరుల తేల్తది. అటెంక ఆయన్ని పట్నం ముందర ఎవడు నిలవెడ్తడు? నిలవడకుంటె ఆయన బతుకుతడా?’

అంతలో మామ అటే వచ్చాడు. నా తల మీద చేయి పెట్టి, ‘తిన్నవా బిడ్డా? మటన్ల కారం ఎక్కువైంది, సూసుకొని తిను’ అన్నాడు. చక్కగా ఉన్నాడు.

ఆఫీసుకు పోయేదాకా బస్సులో కిటికీ పక్కన కూర్చొని ఏం రాయాలా అని తన్నుకులాడాను. ఆ కథలో నేను నిజంగా విన్నది అదొక్కటే. అది వదిలేసి రాస్తే మళ్లీ మంత్రముగ్ధుల దగ్గరికే పోతాను. రాస్తే మామను పట్నం ముందర నుంచి నేనే లాగినట్టు.

సారుకు చెప్పేశాను, అన్నీ.

‘నీకేమైతడు ఆయన?’

‘మేనమామ, సార్.’

‘అయితే ఆయన పేరు తియ్యి. వార్త మీద నీ పేరు గూడ పోదు.’ కాసేపు పెన్ను తిప్పాడు. ‘మర్సిపోయిండన్నది నువ్వు ఇన్నదా, మీ బావ చెప్పిందా?’

‘బావ చెప్పిండు.’

‘నువ్వు ఏం ఇన్నవు?’

‘మామ ఆగిండు. డోలు లేసింది. వంతోళ్లు చివరి మాట పట్టుకున్రు.’

‘గది రాయి. తక్కినది మీ ఇంటి ముచ్చట, నాకొద్దు.’

పోలీసు కేసుల్లో ఆయన నలభై సార్లు చెప్పే ఉంటాడు ఆ మాట: చూసినదాన్ని రాయి, ఎందుకు జరిగిందో నువ్వు తేల్చకు. నేను అట్లాగే రాశాను. పెండ్లి పీటల దగ్గర కథకుడు ఆగాడనీ, ఆ వరుస డోలు మీద నడిచిందనీ, వంత చివరి మాటతో దాన్ని ముగించిందనీ. ఒక్క అబద్ధం లేదు. అతని పేరు లేదు, ఊరి పేరు ఉంది. మామకు ఆ ఊరు పోకుండా కాపాడాననే అనుకున్నాను, విన్నది రాశాననీ అనుకున్నాను. రెండూ ఒక్క కాగితంలో కుదిరినందుకు ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

పేపరు వచ్చాక తెలిసింది, చదివినవాళ్లందరూ దాన్ని మెచ్చుకోలుగా చదివారని. మాట ఆపి డోలుతో కథ చెప్పించే కొత్త పద్ధతి అట. మొక్కు పెట్టుకున్న ఇంటాయన ఆ పేజీ పటం కట్టించాడు. ఎవరో ఆ దరువు ఒక్కటే ఫోనులో తీసి పంచారు. నెల తిరగకముందే తమ జట్టుకిందికే వచ్చే వేరే ఊర్ల నుంచి బావకు ఫోన్లు: ‘గా డోలు ముక్క మా కాడ గూడ కొట్టాలె. ఆ ముసలాయన్నే తీస్కరావాలె, ఆయన ఆగితెనే అందం.’

బావ నాకు ఫోను చేశాడు.

‘ఏం రాసినవే తల్లీ! ఈ ఏడు మెల్లగ ఆయన్ని పక్కన కూసుండబెట్టి చిన్నయి చెప్పిద్దామనుకున్న. పెద్దకథ మా చిన్నాయనకు అప్పజెప్పుదామనుకున్న. ఇగ ఎట్ల జరుపుత? అందరు ఆయనే కావాల్నంటున్రు.’

‘నేను మెచ్చుకోలేదు బావా. ఆగిండని రాసిన.’

‘ఆగుడే మెచ్చిన్రు.’

ఆ తర్వాత భువనగిరి దిక్కు జట్టు ఒకటి కథ చెబుతున్న వీడియో చూశాను. కథకుడు వయసులో ఉన్నవాడు, గొంతు గంటలాగా ఉంది. ఒకచోట కుడి చేయి పైకి లేపి, నోరు తెరిచి, ఆగాడు. డోలు లేచింది. జనం ఈలలు. తెరిచిన నోటితో సహా నేర్చుకున్నాడు. వీడియో మూసేసి, మళ్లీ తెరిచి, ఆ మొహమే చూస్తూ కూర్చున్నాను. అతనికి ఆ వరుస తెలుసు, కావాలని మింగుతున్నాడు.

పండుగకు మామ ఇంటికి పోతే, అత్త పక్కింటి పంతులమ్మతో పేపరు చదివించిందని తెలిసింది. మామ గొంగడి మీద కూర్చొని నన్ను పక్కకు పిలిచాడు.

‘మంచిగ రాసినవ్ బిడ్డా. గని ఒక్కటి తప్పు రాసినవ్.’

‘ఏంది మామా?’

‘పీటల కాడ నేను ఆగిన్నని రాసినవట. నేను ఆగలె. పాడిన. నీకు ఇనవడలె.’

అత్త లోపల గిన్నెలు సర్దడం ఆపేసింది.

‘డోలు పక్కన కూసుంటె గంతే. ఏమినవడ్తది? ఈసారి నా ఎదురుంగ కూసో. మూతి సూడు.’

‘అయితే గా వరుస ఒక్కసారి అను మామా. రాసుకుంట.’

మామ నవ్వాడు. ‘పట్నం లేదు, డోలు లేదు, వంత లేదు. ఉత్తగ అనడానికి అది ముచ్చటనా? పిచ్చిపిల్ల.’

పట్నం లేకుండా పెద్దకథ అనకూడదన్నది నిజమే, అది మా ఇండ్లలో అందరికీ తెలిసిన కట్టుబాటు. అందుకే ఆయన నిజంగా అనకూడదని అనలేదో, అనలేక అనలేదో నాకు తెలియలేదు. అడగడానికి అంతకంటే వేరే దారి కూడా కనబడలేదు.

చదువు అయిపోయింది. కొలువు దొరికింది, ముందు నల్లగొండలో, తర్వాత మహబూబ్‌నగర్‌లో. మక్తల్ దిక్కు ఊర్లలో కన్నడమూ తెలుగూ కలిసిన భజనల దగ్గర కూర్చున్నాను, కల్యాణ మండపాల్లో బ్యాండ్లు విన్నాను, రాశాను. ఎక్కడ గొంతు ఆగినా ముందు మొహం చూస్తాను. ఊపిరి కోసం ఆగాడా, కావాలని ఆగాడా, దొరక్క ఆగాడా? చాలాసార్లు తేలదు. అట్లాంటప్పుడు ఆగాడని కూడా రాయను, ఆ వాక్యం వదిలేస్తాను. సారు ఉంటే ఒప్పుకోడు. విన్నది రాయకపోవడం కూడా వంకర రాతే అంటాడు. ఆయన రిటైరై ఊరికి పోయాడు, ఈ సంగతి ఆయనతో తేల్చుకోలేదు.

కరోనా ఏండ్లలో కథలు పడలేదు. డోలు అటక మీద ఉండిపోయింది. మళ్లీ మొదలైనప్పుడు సెలవు పెట్టి పోయి, మామ చెప్పినట్టు ఆయనకు ఎదురుగా, పట్నానికి ఈవల కూర్చున్నాను. ఖాళీలు పెరిగాయి. బావ దరువులూ పెరిగాయి. వంతవాళ్లు చివరి మాటను ఇదివరకటి కంటే ముందే ఎత్తుకోవడం నేర్చారు, ఎవరూ చెప్పకుండానే. పెండ్లి పీటల చోటు వచ్చింది. చేయి లేచింది, డోలు లేచింది. మామ మూతి చూశాను.

పెదవులు కదిలాయి. డోలు నడిచినంతసేపూ కదులుతూనే ఉన్నాయి, వరుస అయ్యేచోట కుదురుగా ఆగాయి, సరిగ్గా వంతవాళ్లు అందుకున్నారు. అవి మాటలో, ఉత్త కదలికో ఆ మోతలో ఎట్లా తెలుస్తుంది? ఫోనులో తీసిన దాన్ని హెడ్‌ఫోన్స్ పెట్టుకొని విన్నాను. డోలు తప్ప ఏమీ లేదు. బావకు చెప్పాను: ఒక్కసారి, ఒక్క వరుస, డోలు తగ్గించి చూడు, పాడుతున్నాడేమో.

‘పాడకుంటె?’ అన్నాడు బావ. ‘పట్నం ముందర నేను డోలు దించిన, ఆయన నోట మాట లేదు. అప్పుడు ఏం రాస్తవు?’

అతను డోలు దించలేదు.

కథ నేర్చుకుందామని బావ ఈ మధ్య ప్రయత్నం చేశాడు. పొద్దున పూట ఇంటి ముందర చిన్న పట్నం వేయించి మామను నిలబెట్టాడు. మామ ఉత్సాహంగా మొదలుపెడతాడు. దేవుడు పుట్టే చోటు దాకా బాగా వస్తుంది. అక్కడ కొడుకు మొహం చూసి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటాడు. వంతవాళ్లను అడిగితే పెండ్లి ఘట్టంలో చివరి మాటలన్నీ వరుసగా చెప్పారు, ఒక్కటి తప్పకుండా. వాటి ముందు ఏముందో వాళ్లకు తెలియదు. బావ చిన్నాయనకు, అంటే మామ తమ్మునికి, ఆ ఘట్టం వేరే గురువు దగ్గర నేర్చిన తీరున వచ్చు, అది మామది కాదంటాడు ఆయనే.

దవాఖాన మాట ఎత్తితే అత్త ఇప్పుడు తల ఊపుతోంది గానీ, తీసుకపోయే రోజు చెప్పదు. కథలు పడే నెలలు అయిపోనియ్యి అంటుంది.

ఈ ఏడు ముందుగా పిలిచింది మోత్కూరు దిక్కు ఒక ఊరు. పెద్దకథే కావాలన్నారు, పెండ్లి ఘట్టం తప్పకుండా ఉండాలన్నారు. బావ ‘వస్తం’ అన్నాడు. కథ ఎవరు చెబుతారని వాళ్లు అడగలేదు, అతనూ చెప్పలేదు. చిన్నాయన గజ్జెల లాగు బాగు చేయించుకున్నాడు. మామ కూడా తనది ఎండలో ఆరేయించాడు. ఇద్దరిలో ఎవరు నిలబడాలన్నది ఇంట్లో ఇంకా ఎవరూ ఎత్తలేదు.